కడుపుకోత మీద ఓటింగు

'కోత' అనే మాట రద్దయిపోయిందని పేర్రాజు మాష్టారికి యాళ్ళ సత్తిరాజు ద్వారా తెలిసింది.

సత్తిరాజుకి వరి కోత మిషను ఉంది. పంట చేతికొచ్చే రోజుల్లో దాన్ని చుట్టుపక్కల లంకలన్నిటికీ అద్దెకి తిప్పుతాడు. మిగిలిన రోజుల్లో దాని మీద పరదా కప్పి, ఇంటి ముందు ఒక రేకు బోర్డు పెట్టుకుని కూర్చుంటాడు. 'ఇచ్చట వరి కోత మిషను అద్దెకు ఇవ్వబడును' అని ఆ బోర్డు మీద రాయించాడు. ఇన్నాళ్ళూ దాన్ని చదివి మిషను అడిగినవాళ్ళే ఉన్నారు గాని, భయపడినవాళ్ళు లేరు.

"నాకు నోటీసిచ్చేరండి మాష్టారూ," అంటూ సత్తిరాజు బడి వరండాలోకే వచ్చేశాడు. "కరెంటు గురించి జనాన్ని బెదరగొడుతున్నానంటండి. నేను కరెంటు ఊసే ఎత్తలేదండి. నాది డీజిలు మిషనండి!"

పేర్రాజు మాష్టారు హైస్కూల్లో తెలుగు చెబుతారు. ఊళ్ళో ఎవరికి ఏ కాగితం వచ్చినా ఆయన దగ్గరికే తెస్తారు. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని నోటీసు చదివారు. అంతర్జాతీయ ఇంధన సమతుల్య మండలి వారి పద నియంత్రణ తీర్మానమును అనుసరించి, ఇంధన భద్రతకు భంగము కలిగించు 'కోత' అను పదమును బహిరంగముగా ప్రదర్శించుట నిషిద్ధమనియు, ఇకపై సదరు పదమునకు బదులుగా 'సమన్వయ విరామము' అను ఆమోదిత పదమును వాడవలెననియు అందులో ఉంది.

"అంటే ఇప్పుడు బోర్డు ఎలా రాయించాలండి?"

"ఇచ్చట వరి సమన్వయ విరామ మిషను అద్దెకు ఇవ్వబడును, అని."

సత్తిరాజు ఆ మాటని నోట్లో ఒకసారి తిప్పి చూసుకున్నాడు.

"రేకు సరిపోదండి," అన్నాడు చివరికి. "అయినా కోతలు కోసేదంతా వాళ్ళేనాయె. కోత అన్నానని నోటీసు నాకా అండీ?"

మాష్టారు నవ్వలేదు. ఆయన నవ్వి కొంతకాలమైంది. సత్తిరాజుకి ఆ సంగతి గుర్తొచ్చి, నోటీసు మడిచి జేబులో పెట్టుకుని, "సర్లెండి, రంగు పూసేస్తాను," అని వెళ్ళిపోయాడు.

ఈ మండలి గురించి కొంచెం చెప్పాలి. ప్రపంచంలో ఏ దేశానికి ఎంత గ్యాసు, ఎంత నూనె, ఏ దారిన, ఎవరి దయవల్ల చేరాలో చూడడానికి అది ఏర్పడింది. మొదట్లో పని సులువుగానే ఉండేది. అమ్మే దేశాలు కుడివైపు కూర్చునేవి, కొనే దేశాలు ఎడమవైపు కూర్చునేవి. మధ్యాహ్నం అందరూ కలిసి భోంచేసేవారు. తర్వాత ఉత్తరాన ఎక్కడో యుద్ధం వచ్చింది. గొట్టాల్లో వెళ్ళే గ్యాసు ఓడలెక్కింది. గొట్టం భూమిలో ఉంటుంది కాబట్టి మాట మీద నిలబడుతుంది. ఓడకి ఆ ఇబ్బంది లేదు. నడిసముద్రంలో ఉండగా ఇంకెవరో ఎక్కువ ఇస్తామంటే అక్కడికక్కడే తిరిగిపోతుంది. నిన్నటిదాకా కొన్న దేశం భయం కొద్దీ మరీ ఎక్కువ కొనేసి, ఇవాళ అమ్మే దేశమైంది. అమ్మే దేశం తన దగ్గర ఉన్నదంతా అమ్మేసుకుని కొనడం మొదలెట్టింది. ఎవరు ఏ వైపు కూర్చోవాలో తేల్చడానికి ఒక ఉపసంఘం వేశారు. ఆ ఉపసంఘం చాలాకాలం శ్రమించి అందరికీ తిరిగే కుర్చీలు వేయించింది. మండలి సాధించిన మొదటి విజయం అది.

రెండో విజయం నిపుణులది. వాళ్ళు ప్రపంచమంతా పరిశీలించి ఒక సంగతి కనిపెట్టారు. ఏ దేశపు మంత్రి అయినా, ఏ భాషలోనైనా, పైకి 'కొరత' అన్నాడంటే చాలు, ధర లేస్తుంది. ధర లేచిన వైపుకి ఓడలు తిరుగుతాయి. మాట్లాడకుండా కూర్చున్న దేశానికి నిజంగానే కొరత వస్తుంది. కాబట్టి కొరతకి మూలకారణం కొరత అనే మాటే. కొరతని తీసెయ్యడం మండలి చేతిలో లేదు. మాటని తీసెయ్యడం ఉంది.

పెద్ద భాషలు ముందుగా శుభ్రమయ్యాయి. తర్వాత తెలుగు వంతు వచ్చింది. మాష్టారి ఊరు సంగాయిలంక మీద వాళ్ళకి ప్రత్యేక శ్రద్ధ కూడా ఉంది. ఆ ఊరి కింద నుంచి గ్యాసు గొట్టం వెళుతుంది. ఊరి మీద నుంచి పెద్ద తీగలు వెళతాయి. రెండూ ఎక్కడికో వెళుతూ ఉంటాయి గాని ఊళ్ళో ఆగవు.

మాష్టారు అప్పటికే ఆ మండలికి ఒక అర్జీ పెట్టుకుని ఉన్నారు.

ఆయనకి ఒక్కతే కూతురు, హైమ. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరితే పట్నం ఆసుపత్రిలో చేర్చారు. గాలి అందించే యంత్రం పెట్టారు. నెమ్మదిస్తోందని డాక్టరు కూడా అన్నాడు. ఆ సాయంత్రం కరెంటు పోయింది. జనరేటరులో డీజిలు లేదు. డిపో నుంచి రావలసింది రాలేదు, డిపోకి రావలసిన ఓడ దారిలో వేరే దేశానికి తిరిగిపోయింది. ఇవన్నీ మాష్టారికి తర్వాత ఒక్కొక్కటిగా తెలిశాయి. ఆ సాయంత్రం ఆయనకి తెలిసింది పైన ఫాను ఆగిపోవడం ఒక్కటే.

ఆసుపత్రి కాగితంలో 'సహజ కారణములు' అని రాశారు. మాష్టారు పరిహారం అడగలేదు. ఎవరినీ శిక్షించమనలేదు. ఆ సాయంత్రం కరెంటు పోయిందని ఒక్క వాక్యం రాసివ్వమన్నారు. దానికి జవాబు సత్తిరాజు నోటీసు వచ్చిన వారంలోనే వచ్చింది. 'తాము పేర్కొనిన కోత అను పదము ఆమోదిత పదజాలమున లేనందున, అట్టిది సదరు తేదీన సంభవించినట్లు పరిగణించుటకు వీలుపడదు.'

"ఏం రాసేరండీ?" అని అడిగింది ఆయన భార్య కనకవల్లి.

"ఆ మాట లేదుట."

"మాట లేకపోవడవేవిటి? మనం అంటున్నాం కదా."

జవాబుకి తోడు ఇంకో కవరు ఉంది. తెలుగు పద ఉపసంఘంలో నిపుణుడిగా చేరవలసిందని అందులో ఆహ్వానం. కారణం తర్వాత తెలిసింది. ఆయన తన అర్జీ చివర 'మా కడుపుకోతకు కరెంటు కోత కారణం' అని రాశారు. ఒకే వాక్యంలో రెండు నిషిద్ధ పదాలు పట్టుకున్న కంప్యూటరు అక్కడే ఆగిపోయిందిట. అలాంటి మనిషి బయట ఉండడం కంటే లోపల ఉండడం క్షేమమని ఆ ఉపసంఘం సంచాలకుడు నిర్ణయించాడు.

"వెళతారా?" అంది కనకవల్లి.

"వెళతాను. వాక్యం రాసే చెయ్యి ఎక్కడుందో చూడొచ్చు."

ఉపసంఘం కాకినాడలో, చలి పుట్టించే ఒక గదిలో కూర్చుంది. సంచాలకుడు డాక్టర్ చావలి విశ్వంభరం. మెడలో రెండు గుర్తింపు కార్డులు వేసుకుని ఉంటాడు. ఒకటి మండలిది, రెండోది దేశానిది. మాట్లాడుతున్నదాన్ని బట్టి ఏదో ఒకటి ముందుకి లాక్కుంటాడు.

"రండి మాష్టారూ, రండి. మనం ఇక్కడ చేస్తున్నది భాషాసేవ అనుకోకండి. సరఫరా సేవ! పదం సక్రమంగా ప్రవహిస్తే పదార్థం సక్రమంగా ప్రవహిస్తుంది. అదీ మన దృక్పథం."

పని అప్పటికే చాలావరకు జరిగింది. 'కొరత'ని 'ఆకాంక్షాధిక్యం' అన్నారు. అడిగేవాళ్ళు ఎక్కువైతేనే కదా ఉన్నది చాలకపోవడం. తప్పు అడగడంలో ఉందని ఆ మాటే చెబుతుంది. 'కరెంటు పోయింది' అనడానికి 'విద్యుత్తు విశ్రాంతిలో ఉంది' అన్నారు. 'పోవడం' అనే క్రియనే తీసేసి, ఏది పోయినా విశ్రాంతిలో ఉన్నట్టు రాయాలన్నారు. కంప్యూటరు కోతిని కూడా పట్టుకుంది. ఒకటో తరగతి వాచకంలో కోతి బొమ్మ మీద తెల్లకాగితం అంటించమని అన్ని బళ్ళకీ ఉత్తర్వు వెళ్ళిపోయింది.

"కోతి ఏం చేసిందండి?" అన్నారు మాష్టారు.

"ఏమీ చెయ్యలేదు. ముందుజాగ్రత్త," అన్నాడు విశ్వంభరం. "పిల్లవాడు కోతి దగ్గర మొదలెడతాడు. ఎక్కడ ఆగుతాడో మనం చెప్పగలమా?"

ఆ పూట పెద్ద చిక్కు ఒకటి మిగిలింది. నిల్వలు అయిపోతే ఆ సంగతి మండలి ప్రధాన కార్యాలయానికి ఏ మాటతో తెలపాలి? 'అయిపోయాయి' అనకూడదు. 'లేవు' అసలే అనకూడదు. అప్పుడు సభ్యుల్లో పెద్దాయన, కావ్యాలు చదువుకున్న సోమయాజులు గారు గొంతు సవరించుకున్నారు.

"మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు బియ్యం అయిపోతే ఏమంటారండీ? అయిపోయాయి అనరు. అశుభం కదా. నిండుకున్నాయి అంటారు."

విశ్వంభరం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. దేశం కార్డు ముందుకి లాక్కున్నాడు.

"నిండుకున్నాయి! అయ్యా, ప్రపంచం ఇంకా వెతుక్కుంటున్న ఇంధన భద్రతని మన అమ్మమ్మలు వంటింట్లో సాధించి కూర్చున్నారు!"

"అండీ," అన్నారు మాష్టారు. "నిండుకోవడం అంటే అయిపోవడం అని మనకి తెలుసు. అవతలవాళ్ళకి తెలీదు."

"అదే కదా మాష్టారూ ఆ మాటలో అందం!"

మాట ఆమోదం పొందింది. ఆ నెలాఖరున కోస్తా డిపోల్లో డీజిలు అడుగంటింది. విశ్వంభరం 'తెలుగు కోస్తాలో నిల్వలు నిండుకున్నాయి' అని నివేదిక పంపాడు. ప్రధాన కార్యాలయంలో అనువాదకులు మాటకి మాట చూసుకుని, నిల్వలు నిండుగా ఉన్నాయని రాశారు. అభినందనలు వచ్చాయి. నిండిన చోటికి ఓడ ఎందుకని, ఇటు బయల్దేరిన ఓడని అవసరంలో ఉన్న ఇంకో దేశానికి మళ్ళించారు.

విశ్వంభరం కంగారుపడి 'పూర్తిగా నిండుకున్నాయి' అని రెండో నివేదిక పంపాడు. మళ్ళీ అభినందనలు వచ్చాయి. రెండో ఓడ కూడా మళ్ళిపోయింది. 'చుక్క మిగలకుండా నిండుకున్నాయి' అని మూడోది పంపాడు. చుక్క పట్టడానికి కూడా చోటు లేదని వాళ్ళకి అర్థమైంది. పొర్లిపోయేలోగా మిగులు అమ్మెయ్యవలసిందని ఉత్తర్వు వచ్చింది. మండలి సభలో మన కుర్చీని ఎడమ నుంచి కుడికి తిప్పారు. అడ్డదిడ్డంగా మాట్లాడే భాషలన్నిటికీ తెలుగు ఆదర్శమని ప్రకటించి, ఆ ఏటి మహాసభ విశాఖపట్నంలో జరపాలని నిర్ణయించారు.

సంగాయిలంకలో సత్తిరాజు మిషను సగం చేలో ఆగిపోయింది. పండిన వరి నిలబడే ఉంది, మబ్బు పడుతోంది.

"బంకుకి వెళ్ళేనండి మాష్టారూ. కుర్రాడు, 'నిండుకుందండి' అన్నాడు. వెనకాల కారులో ఎవరో ఆఫీసరు, ఉత్తరాదాయనండి, కొత్తగా మన మాటలు నేర్చుకున్నాడు. 'నిండుకుంటే పొయ్యవయ్యా, ఆలస్యమెందుకు' అని కుర్రాణ్ణి కేకలేసేడండి!"

"మరి నువ్వేం చేసేవు?"

"ఏం చేస్తానండి? కొడవళ్ళు తీయించేను. కూలోళ్ళని పిలిచి, 'రేపట్నించి చేలో సమన్వయ విరామం' అన్నాను. సెలవనుకుని ఒక్కడూ రాలేదండి."

మహాసభ ముంగిట తెలుగు మాటలన్నీ తేలిపోయాయి, ఒక్కటి తప్ప. కడుపుకోత.

అది మొదట చిన్న విషయంలాగే కనిపించింది. వరి కోతని మార్చినట్టే దాన్నీ మార్చి 'ఉదర సమన్వయ విరామం' అన్నారు. ఆ మాట మీద ఒక బిడ్డ పోయిన తల్లి ఎవరో పత్రికకి ఉత్తరం రాసింది. దాంతో విషయం మండలికి ఎక్కింది. అమ్మే దేశాలు మాట ఉండకూడదన్నాయి. కడుపు దాకా కోత వచ్చిందంటే సరఫరా వంటింటి దాకా తెగిందని ప్రపంచం అనుకుంటుంది, నింద తమ మీదకి వస్తుంది. కొనే దేశాలు ఉండాలన్నాయి. కడుపుకోత ఉంటేనే రాయితీ అడగడానికి మొహం చెల్లుతుంది. అటు కొని ఇటు అమ్మే దేశాలు కుర్చీలు తిప్పుకుంటూ కూర్చున్నాయి. ఒక ఎడారి దేశం, మాట తీసేస్తే రెండు ఓడల గ్యాసు పాత ధరకే ఇస్తామంది. ఒక చలి దేశం, మాట ఉంచితే తన గొట్టం మళ్ళీ తెరుస్తానంది. తెలుగులో ఒక్క ముక్క రాని మనుషులు నాలుగు ఖండాల్లో రాత్రింబవళ్ళు కడుపుకోత గురించి మాట్లాడుకున్నారు.

చివరికి న్యాయ సలహాదారు దారి చూపించాడు. ఆ మాటకీ విద్యుత్తుకీ సంబంధం లేదని ఆ భాషా నిపుణుడు సభలో చెబితే, అది మండలి పరిధిలోకే రాదు. సంబంధం ఉందంటే ఓటింగు పెట్టాలి. నిపుణుడిగా పేర్రాజు మాష్టారి పేరు రాశారు.

సభ రోజు పొద్దున్న, సముద్రానికి ఎదురుగా ఉన్న హోటల్లో విశ్వంభరం ఆయన్ని టిఫినుకి కూర్చోబెట్టాడు.

"ఇడ్లీ వేసుకోండి. మాష్టారూ, ఒక్క వాక్యం. 'కడుపుకోతకీ కరెంటు కోతకీ ఏ సంబంధమూ లేదు.' నిషిద్ధ పదాలు వాడడానికి మీకు ప్రత్యేక అనుమతి కూడా తెప్పించాను. మీరు ఆ ఒక్క వాక్యం చెబితే మాట బతుకుతుంది. ఎందరు తల్లులు మీకు దండం పెట్టుకుంటారో ఆలోచించండి."

"నా అర్జీ ఏవవుతుందండి?"

"మీ వాక్యంతోనే ముగుస్తుంది. గౌరవప్రదంగా. సంబంధం లేదని తమరే సెలవిచ్చాక ఇక దర్యాప్తు దేనికి?"

"సంబంధం ఉందంటే?"

విశ్వంభరం చెంచా కింద పెట్టాడు. మొదటిసారి రెండు కార్డుల్లో ఏది ముందుకి లాక్కోవాలో తెలియనట్టు చూశాడు.

"ఓటింగులో మాట పోతుంది. అమ్మే దేశాలకి బలం ఉంది. మాట పోయాక అర్జీ ఎలా ఉంటుందండి? అందులో ఉన్నదే ఆ మాట. సంబంధం లేదంటే ఒకటైనా దక్కుతుంది. ఉందంటే రెండూ పోతాయి. మీరు లెక్కలు చెప్పరు గాని, ఇది లెక్కే."

మాష్టారు బయటికొచ్చి ఇంటికి ఫోను చేశారు. జరిగినదంతా చెప్పారు. కనకవల్లి విని, "నన్నెందుకు అడుగుతున్నారు?" అంది.

"మాట పోతే నీలాంటివాళ్ళు ఏవనుకుంటారోనని."

"ఆ మాట ఉంటే మాత్రం నేను వాడుకుంటానా ఏవిటండీ? ఇన్నాళ్ళలో ఒక్కసారైనా నా నోట విన్నారా? వీధిలో వాళ్ళు అనడవే గాని, నాకు దాంతో పనిలేదు. జరిగింది చెప్పి రండి."

సభామందిరం పెద్దది. కుర్చీలన్నీ కొత్తవి, చప్పుడు లేకుండా తిరుగుతున్నాయి. ప్రతినిధులందరి చెవుల్లోనూ యంత్రాలున్నాయి. వెనక గాజుగదిలో మేరీ సుగుణ అనే దుబాసీ కూర్చుంది. తెలుగులో విన్నది ఇంగ్లీషులో చెప్పడం, ఇంగ్లీషులో విన్నది తెలుగులో చెప్పడం ఆమె పని. ఆమె ఎదురుగా తెర మీద ఆమోదిత పదాలు మాత్రమే వస్తాయి. ఇంకేం పలికినా ఆమె మైకు దానంతటదే విశ్రాంతిలోకి వెళ్ళిపోతుంది. మండలి ఈ ఏర్పాటుకి చాలా గర్వపడుతోంది.

మాష్టారు లేచారు. కాగితం చూడలేదు. బళ్ళో పాఠం చెప్పినట్టే, ప్రతి మాటకీ మధ్య కొంచెం ఎడం ఇచ్చి చెప్పారు.

"కడుపుకోత అంటే బిడ్డ పోయినవాళ్ళ బాధ. మాటకి అర్థం అంతే. మా అమ్మాయి పేరు హైమ. ఆసుపత్రిలో ఉండగా కరెంటు పోయింది. యంత్రం ఆగిపోయింది. మా అమ్మాయి పోయింది. మిగతా ఇళ్ళ సంగతి నాకు తెలియదు. మా ఇంట్లో కడుపుకోతకీ కరెంటు కోతకీ సంబంధం ఉంది."

వేదిక మీద సభ నడుపుతున్న విశ్వంభరం తల వంచుకున్నాడు. గాజుగదిలో సుగుణ తెర వైపు చూసి, తడబడి, ఉన్న మాటలతోనే చెప్పుకొచ్చింది. బిడ్డ విశ్రాంతిలో ఉన్నవారి అనుభవాన్ని ఉదర సమన్వయ విరామం అంటారు. ఈయన కుమార్తె ఆసుపత్రిలో ఉండగా విద్యుత్తు విశ్రాంతిలోకి వెళ్ళింది. యంత్రం విశ్రాంతిలోకి వెళ్ళింది. కుమార్తె విశ్రాంతిలోకి వెళ్ళింది. వీరి ఇంట్లో రెండు విరామాలకీ చక్కని సంబంధం ఉంది.

సభలో చప్పట్లు మోగాయి. ఎడారి దేశపు ప్రతినిధి తన యంత్రం సవరించుకుని, విద్యుత్తు, పరికరం, వినియోగదారు ముగ్గురూ ఒకేసారి విశ్రమించడం తాను చూసిన సమన్వయాలన్నిటిలోకీ ఉత్తమమైనదని, దీన్ని మిగతా దేశాలు కూడా అనుసరించాలని అన్నాడు. ఆయన ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. అది సుగుణ గొంతులో మాష్టారి చెవికి చేరింది. ఆయన నిలబడే ఉన్నారు.

ఎడమవైపు చివర ఒక చిన్న దీవి దేశం ఉంది. వాళ్ళకి గ్యాసు లేదు, నూనె లేదు, కొనడానికి సొమ్ము కూడా పెద్దగా లేదు. వాళ్ళ ప్రతినిధి నడివయసు స్త్రీ. ఆమె చప్పట్లు కొట్టలేదు. మాష్టారి మొహం వైపు చాలాసేపు చూసి, చెయ్యెత్తి ఏదో అడిగింది. సుగుణ దాన్ని మెల్లగా తెలుగులో చెప్పింది.

"మీ అమ్మాయి ఎప్పుడు తిరిగి వస్తుందండీ, అని అడుగుతున్నారు."

"రాదండి," అన్నారు మాష్టారు.

సుగుణ తెర చూసింది. రాకపోవడానికి అందులో మాట లేదు. విశ్రాంతికి ముగింపు ఉంది, పునరుద్ధరణ ఉంది, పెంపుదల ఉంది. ఆమె రెండుసార్లు నోరు తెరిచి ఊరుకుంది. ప్రతినిధుల చెవుల్లో ఏమీ వినిపించలేదు. ఒకరు యంత్రం తీసి విదిలించారు. ఒకరు మీట నొక్కి చూశారు. కుర్చీలు అటూ ఇటూ తిరిగాయి.

విశ్వంభరం గాజుగది వైపు తిరిగి గట్టిగా అడిగాడు. "ఏవమ్మా, కరెంటు పోయిందా?"

అతని ముందు మైకు పనిచేస్తూనే ఉంది. ఆ మాట మందిరమంతా మోగింది. అతను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"కరెంటు ఉందండి," అంది సుగుణ, మైకు వదిలేసి, తలుపు తీసుకుని బయటికొస్తూ. నడవలోంచి నడిచి దీవి దేశపు స్త్రీ దగ్గరికి వెళ్ళి, ఒంగి, చెవిలో రెండు ముక్కలు చెప్పింది. ఆ స్త్రీ తన చెవిలో ఉన్న యంత్రాన్ని తీసి బల్ల మీద పెట్టేసింది. పక్కనున్న ప్రతినిధి ఏమిటని అడిగితే అతనితో చెప్పింది. అతను వెనక వరసవాళ్ళతో చెప్పాడు. ఎడమవైపు సగం మంది యంత్రాలు తీసేశారు. కుడివైపు వాళ్ళు ఇంకా మీటలు నొక్కుకుంటూనే ఉన్నారు.

విశ్వంభరం తేరుకుని, సభామర్యాద కాపాడాలని, 'ఉదర సమన్వయ విరామం' అనే మాటని ఓటింగుకి పెడుతున్నట్టు ప్రకటించాడు. యంత్రాలు తీసేసినవాళ్ళు వినలేదు. యంత్రాలున్నవాళ్ళకి చెప్పడానికి గాజుగదిలో ఎవరూ లేరు. దేనికో తెలియకుండానే కొన్ని చేతులు లేచాయి, కొన్ని మధ్యలో దిగిపోయాయి. ఫలితం స్పష్టం కానందున విషయాన్ని మరింత పరిశీలన కోసం ఉపసంఘానికి తిప్పి పంపడమైనదని, వక్త ప్రసంగించు సమయమున శ్రవణ యంత్రములు విశ్రాంతిలో ఉన్నందున ఆ భాగము నమోదు కాలేదని ఆ సాయంత్రం కార్యక్రమ వివరణలో రాసుకున్నారు. కడుపుకోత ఉందో పోయిందో ఇప్పటికీ అధికారికంగా తేలలేదు.

మాష్టారు మందిరం బయట మెట్ల మీద నిలబడి ఇంటికి ఫోను చేశారు.

"చెప్పేరా?" అంది కనకవల్లి.

"చెప్పేను."

"ఏవన్నారు?"

"అమ్మాయి ఎప్పుడొస్తుందని అడిగేరు. ఎవరో ఒకావిడ."



"మీరేవన్నారు?"

"రాదన్నాను."

ఆ మాట ఆ ఇంట్లో ఇద్దరిలో ఎవరూ అప్పటిదాకా పైకి అనలేదు. కనకవల్లి ఊపిరి ఒకసారి గట్టిగా వినిపించింది. తర్వాత ఆమె మామూలు గొంతుతోనే అంది.

"పాపం, అంత దూరం నించి వచ్చింది. ఆవిడకెలా తెలుస్తుందండీ."